ఒకే ఖాతా, మూడు కార్డులు: లండన్‌లో ఫోనుతో, వాచీతో డబ్బు కట్టడం ఎలా

సెప్టెంబర్ వచ్చిందంటే మా దుకాణంలో తెలుగు మాటలు ఎక్కువ వినిపిస్తాయి. తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు ఉంటుంది మా దుకాణం. సాయంత్రం పూట బిల్లు కౌంటర్ నాది. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లలు, వాళ్లను చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు కరివేపాకు, మినప్పప్పు పట్టుకుని వరుసలో నిలబడతారు. డబ్బు కట్టే వేళకు ఫోను తీసి, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఎక్కడ అంటించారా అని వెతుకుతారు. ఎక్కడా ఉండదు. ఈలోగా వెనకున్నవాళ్లు నిట్టూర్చడం మొదలుపెడతారు. ప్రతి ఏడాదీ అందరికీ విడివిడిగా చెప్పే సంగతులను ఒకచోట రాస్తే బాగుంటుందని ఇప్పుడు కూర్చున్నాను.

ఇండియాలో యూపీఐ చేసేటప్పుడు డబ్బు పంపేది మనం. కోడ్ స్కాన్ చేసేది, మొత్తం కొట్టేది, పిన్ వేసేది అన్నీ మనమే. దుకాణంలోని స్పీకర్ డబ్బా ఎన్ని రూపాయలు అందాయో వీధికంతా వినిపించేలా చెబుతుంది. ఇక్కడ పద్ధతి వేరు. మొత్తం నేను మెషీన్‌లో వేస్తాను, డబ్బు అడిగేది మెషీన్. మీ ఫోను తన కార్డు నంబరు చూపించి, ఆ మొత్తానికి ఒప్పుకుంటుంది. అంతే దాని పని. డబ్బా ఏదీ అరవదు, ఒక చిన్న బీప్ వస్తుంది.

ఇక అసలు సంగతి. దీన్ని పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. బ్యాంకు కార్డును ఫోనులో పెట్టినప్పుడు, కార్డు మీద అచ్చయిన నంబరు దుకాణాలకు చూపించడానికి ఫోనులో కూర్చోదు. ఆ ఫోను కోసమే వేరే నంబరు తయారవుతుంది. దాన్ని టోకెన్ అంటారు. అదే కార్డును వాచీలో కూడా పెడితే వాచీకి ఇంకో నంబరు వస్తుంది. అంటే బ్యాంకు ఖాతా ఒకటే అయినా, బయటి ప్రపంచానికి మీవి మూడు కార్డులు: జేబులోని ప్లాస్టిక్, చేతిలోని ఫోను, మణికట్టు మీది వాచీ. చెల్లించిన ప్రతిసారీ ఆ నంబరుతో పాటు ఆ ఒక్క లావాదేవీకే పనికొచ్చే సంకేతం కూడా వెళ్తుంది. మా మెషీన్‌లో నుంచి ఎవరైనా ఆ సమాచారం లాగేసినా దానితో ఇంకోచోట ఏమీ కొనలేరు. దుకాణంలో పనిచేసే మనిషిగా చెబుతున్నాను, మీ అసలు నంబరు మాకు కనిపించకపోవడం మీకే కాదు, మాకూ నిశ్చింతే.

ఇంట్లో కూర్చుని చేసుకోవలసినవి

ముందు ఫోనులో ఎన్ఎఫ్‌సీ ఉందో లేదో చూసుకోండి. మెషీన్‌కు దగ్గరగా పెడితే దానితో మాట్లాడే ఏర్పాటు అది. ఐఫోన్ 6 నుంచి ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఎక్కడ కొన్నా ఉంటుంది. చిక్కంతా ఆండ్రాయిడ్‌తోనే. ఇండియాలో అమ్మే మధ్యరకం ఫోన్లలో చాలావాటికి ఎన్ఎఫ్‌సీ పెట్టరు. అదే పేరుతో ఐరోపాలో అమ్మే ఫోనుకు మాత్రం ఉండవచ్చు. కాబట్టి స్నేహితుడి ఫోను చూసి, నాదీ అదే కదా అని ధీమా పడకండి. సెట్టింగ్స్‌లో ఎన్ఎఫ్‌సీ అని వెతకండి. కనిపిస్తే ఆన్ చేయండి. కనిపించకపోతే ఆ ఫోనుకు లేనట్టే, ఏ యాప్ దించుకున్నా రాదు.

వాచీల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇండియా నుంచి తెచ్చుకునే రెండు మూడు వేల రూపాయల స్మార్ట్ వాచీలు అడుగులు లెక్కపెడతాయి, గుండె కొట్టుకోవడం చూపిస్తాయి, డబ్బు మాత్రం కట్టలేవు. ఇక్కడ నా కౌంటర్ దగ్గర పనిచేసేవి ఎక్కువగా ఆపిల్ వాచీ, గూగుల్ పిక్సెల్ వాచీ, సామ్‌సంగ్ గెలాక్సీ వాచీలు. పరుగుకు వెళ్లొచ్చి నీళ్ల సీసా కొనేవాళ్ల చేతికి గార్మిన్ ఉంటుంది. గార్మిన్‌లో కూడా అన్ని మోడళ్లకూ చెల్లింపు సౌకర్యం ఉండదు, ఉన్నవాటిలోనూ అన్ని బ్యాంకుల కార్డులూ ఎక్కవు. పెట్టె మీద ఎన్ఎఫ్‌సీ అని రాసి ఉన్నా తొందరపడకండి, కొన్నిటిలో అది తలుపులు తెరిచే కార్డుల కోసమే. మీ బ్యాంకు పేరు ఆ వాచీ కంపెనీ జాబితాలో ఉందో చూశాకే కొనండి.

తర్వాత యాప్. ఐఫోనులో కార్డులు దాచుకునే వాలెట్ ముందే ఉంటుంది, అందులో డబ్బు కట్టే సౌకర్యమే ఆపిల్ పే. బ్రిటన్‌లో ఇది 2015 జులై నుంచి నడుస్తోంది. కార్డు జోడించే వీలు కనిపించకపోతే, సెట్టింగ్స్‌లో భాష, ప్రాంతం ఉండే చోట ప్రాంతం ఇంకా ఇండియా అనే ఉందేమో చూడండి. దాన్ని యునైటెడ్ కింగ్‌డమ్‌గా మార్చి మళ్లీ ప్రయత్నించండి. ఆండ్రాయిడ్‌లో కావలసింది గూగుల్ వాలెట్. ఇండియాలో మీరు వాడిన గూగుల్ పే యూపీఐ కోసం చేసిన యాప్, దాన్ని తెరిచి మా మెషీన్ ముందు పట్టుకుంటే ఏమీ జరగదు. సామ్‌సంగ్ ఫోన్లలో సామ్‌సంగ్ వాలెట్ కూడా ఉంటుంది. రెండూ పెట్టుకుంటే ఎన్ఎఫ్‌సీ సెట్టింగ్‌లో ఏది ముందు పలకాలో మీరే ఎంచాలి, లేకపోతే మీరు ఒకటి అనుకుంటే ఇంకొకటి పలుకుతుంది.

కార్డు జోడించడానికి కెమెరాతో ఫోటో తీయడం కన్నా మీ బ్యాంకు యాప్‌లోకి వెళ్లి, వాలెట్‌కు పంపే మీట నొక్కడం తేలిక. అంకెలు తప్పు పడవు. మోంజో, రెవల్యూట్ లాంటి యాప్ బ్యాంకుల్లో ఖాతా తెరిస్తే ప్లాస్టిక్ పోస్టులో వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ముందు ఫోనులో కార్డు పెట్టేసుకుని కొనుక్కోవచ్చు. విమానం దిగిన వారానికే ఖాతా ఉండి, చేతిలో ప్లాస్టిక్ లేని పిల్లలకు ఇది పెద్ద ఊరట.

జోడించేటప్పుడు బ్యాంకు నుంచి ఓటీపీ వస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే జనం డబ్బు పోగొట్టుకునే చోటు మా మెషీన్ కాదు, ఇదే. మీ పార్సెల్ ఆగిపోయింది, ఒకటిన్నర పౌండు కడితే పంపుతాం అని ఒక మెసేజ్ వస్తుంది. లింకు నొక్కి కార్డు వివరాలు ఇస్తారు. తర్వాత ఓటీపీ వస్తుంది, అదీ ఇస్తారు. నిజానికి అది పార్సెల్ డబ్బుకు వచ్చిన ఓటీపీ కాదు. ఎక్కడో కూర్చున్న మోసగాడు మీ కార్డును తన ఫోనులో జోడించుకోవడానికి వచ్చినది. అది మీరు చెప్పిన క్షణం నుంచి మీ ఖాతాకు నాలుగో కార్డు పుట్టింది, అది వాడి జేబులో ఉంది. వాడు దుకాణానికి వచ్చి దర్జాగా ఫోను చూపించి కొంటాడు. నాలాంటివాళ్లకు అందులో అనుమానించడానికి ఏమీ కనిపించదు. అందుకని ఓటీపీ మెసేజ్‌లో అంకెలు మాత్రమే చూడకండి, ముందున్న వాక్యం చదవండి. ఆపిల్ పేలోనో గూగుల్ వాలెట్‌లోనో కార్డు జోడించడానికి అని అందులో రాసి ఉంటుంది. మీరు ఆ క్షణంలో సొంత ఫోనులో కార్డు జోడించుకోకపోతే ఆ అంకెలు ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పినా సరే.

చివరిగా పిన్. ఫోనుతో కట్టడం అలవాటయ్యాక ప్లాస్టిక్ కార్డు పిన్ మరిచిపోతారు. మూడు సార్లు తప్పు కొడితే కార్డు ఆగిపోతుంది. సరైన పిన్ గుర్తొచ్చాక మీ బ్యాంకు ఏటీఎంలో పిన్ సేవల విభాగంలోకి వెళ్లి మళ్లీ తెరుచుకోవచ్చు. కానీ రాత్రి పదిన్నరకు పాల కోసం వచ్చినవాళ్లకు ఆ ఓపిక ఉండదు.

కౌంటర్ దగ్గర

వస్తువులన్నీ స్కాన్ చేసి నేను కార్డు మీట నొక్కాకే మొత్తం మెషీన్‌కు చేరుతుంది. అంతవరకూ మెషీన్ నిద్రలోనే ఉంటుంది. చాలామంది వరుసలో ఉండగానే ఫోను తెరిచి, ముఖం చూపించి సిద్ధంగా ఉంటారు. ఆ సిద్ధం కొద్దిసేపే నిలుస్తుంది. నేను చివరి ఉల్లిపాయల సంచి తూచేలోగా తెర మళ్లీ మూసుకుంటుంది. మెషీన్ మీద మొత్తం కనిపించాక తెరవండి. ఆ అంకెను ఒకసారి చదవండి కూడా, ఎందుకంటే యూపీఐలోలా మొత్తం మీ చేత్తో కొట్టడం ఇక్కడ ఉండదు.

ఐఫోన్ అయితే పక్కనున్న మీటను రెండుసార్లు వెంటవెంటనే నొక్కి, ముఖం చూపించి, ఫోను పై అంచును మెషీన్‌కు దగ్గరగా పట్టుకోవాలి. హోమ్ బటన్ ఉండే పాత ఐఫోనుల్లో బటన్ మీద వేలు ఉంచాలి. ఆండ్రాయిడ్ అయితే తాళం తీస్తే చాలు, యాప్ తెరవనక్కర్లేదు. ఫోను వీపు భాగాన్ని ఆనించాలి. యాంటెన్నా కొన్నిటిలో మధ్యలో, కొన్నిటిలో కెమెరా కింద ఉంటుంది. మొదటిసారి మీ ఫోనుకు ఎక్కడ తగిలిందో గుర్తు పెట్టుకోండి.

మెషీన్‌లో ఎక్కడ ఆనించాలన్నది ఇంకో ప్రశ్న. నాలుగు వంపు గీతల గుర్తు ఎక్కడుంటే అక్కడ. మా దుకాణంలోని దానికి తెర మీదే పడుతుంది. కొన్నిటికి తెర పైనున్న అంచులో, కొన్నిటికి పక్కన. సంతల్లో వాడే అరచేతిలో పట్టే తెల్ల డబ్బాలకు పైభాగమంతా అదే. దూరం నాలుగు సెంటీమీటర్ల లోపు ఉండాలి. తగలగానే తీసేయకండి, ఇస్త్రీ చేస్తున్నట్టు అటూ ఇటూ రుద్దకండి. బీప్ వచ్చేదాకా, అంటే ఒకటి రెండు సెకన్లు కదలకుండా పట్టుకుంటే చాలు.

బీప్ రాకుండా మెషీన్ మీద 'ఫోను చూడండి' అనే అర్థంలో ఇంగ్లీషు మాట కనిపిస్తే, ఫోను ఇంకా తాళంలో ఉందని అర్థం. తాళం తీసి మళ్లీ ఆనించండి. ఫోను ఏమీ స్పందించకపోతే వెనక కవరు చూడండి. కారులో నిలబెట్టడానికి అంటించే ఇనుప రేకు ఉంటే సంకేతాలు దాటవు. ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. ఫోను కవరులో వెనకవైపు ప్లాస్టిక్ కార్డు దోపుకుంటారు కదా, మెషీన్ ఫోనుకు బదులు ఆ కార్డును చదివేస్తుంది. బీప్ వస్తుంది, డబ్బు పోతుంది, కానీ మీరు అనుకున్న ఖాతా నుంచి కాదు.

సిగ్నల్ లేదని కంగారు పడకండి. ఆపిల్ పేకు చెల్లించే క్షణంలో ఇంటర్నెట్ అక్కర్లేదు. గూగుల్ వాలెట్ కూడా నెట్ లేకుండా కొన్ని చెల్లింపులు చేస్తుంది, తర్వాత ఒకసారి నెట్‌కు తగలాలి. బ్యాంకుతో మాట్లాడేది మా మెషీన్.

ఎంతవరకు కట్టవచ్చు? 2007లో ఈ దేశంలో ట్యాప్ చేసే కార్డులు మొదలైనప్పుడు ఒక్కసారికి 10 పౌండ్లే పరిమితి. కోవిడ్ వేళ 2020 ఏప్రిల్‌లో 45 చేశారు, 2021 అక్టోబర్‌లో 100. ఇవన్నీ ప్లాస్టిక్ లెక్కలు. ఫోనులో మీ ముఖమో వేలో చూపించి ఒప్పుకున్నారు కాబట్టి పిన్ వేసినంత విలువ దానికి ఉంటుంది, ఆ పరిమితి సాధారణంగా వర్తించదు. కొన్ని పాత మెషీన్లు మాత్రం పెద్ద మొత్తానికి మొండికేస్తాయి. ల్యాప్‌టాప్ లాంటిది కొనడానికి వెళ్తే ప్లాస్టిక్ వెంట ఉంచుకోండి.

చిన్న మొత్తాల సంగతి వేరు. 3 పౌండ్ల లోపు కార్డు తీసుకోం అని చిన్న దుకాణాల తలుపుల మీద చూస్తారు. అలా కనీస మొత్తం పెట్టుకోవడం దుకాణం ఇష్టం. కార్డుతో కడుతున్నందుకు అదనంగా 50 పెన్సు ఇవ్వమంటే మాత్రం కుదరదు. 2018 జనవరి 13 నుంచి మామూలు కొనుగోలుదారుల కార్డుల మీద అలా వసూలు చేయడం చట్టవిరుద్ధం. ఫోనైనా వాచీ అయినా అంతే.

మెషీన్ తిరస్కరిస్తే మళ్లీ మళ్లీ ఆనించడం వల్ల లాభం లేదు. ఖాతాలో డబ్బు లేకపోవచ్చు, యాప్‌లో కార్డును మీరే ఆపి ఉంచి ఉండవచ్చు, బ్యాంకుకు ఏదో అనుమానం వచ్చి ఉండవచ్చు. పక్కకు జరిగి బ్యాంకు యాప్ తెరిచి చూడండి. బుట్ట నేను పక్కన పెడతాను, ఎవరూ తీసుకుపోరు.

వాచీ

వాచీలో కార్డు విడిగా జోడించుకోవాలి. ఫోనులో ఉంది కదా, వాచీలోకి అదే వస్తుందని అనుకోకండి. ఆపిల్ వాచీ అయితే ఐఫోనులోని వాచ్ యాప్‌లో వాలెట్ విభాగానికి వెళ్లాలి. వాచీకి తప్పనిసరిగా పాస్‌కోడ్ ఉండాలి. పాస్‌కోడ్ తీసేస్తే కార్డులూ పోతాయి. చేతికి పెట్టుకుని ఒకసారి పాస్‌కోడ్ కొడితే, చేతి నుంచి తీసేదాకా మళ్లీ అడగదు. తీసిన మరుక్షణం తాళం పడుతుంది. దొంగ లాక్కున్నా వాడికి అది చేతి గడియారమే. పట్టీ వదులుగా ఉంటే వాచీ తాను చేతికి లేననుకుని ఊరికే తాళం వేసుకుంటుంది. బక్కపలచటి చేతులవాళ్లు పట్టీని ఒక రంధ్రం బిగించుకుంటే సగం గొడవ తీరుతుంది.

చెల్లించేటప్పుడు ఆపిల్ వాచీ పక్క మీటను రెండుసార్లు నొక్కి, వాచీ ముఖాన్ని మెషీన్ వైపు తిప్పి దగ్గర పెట్టాలి. మణికట్టు మీద తట్టినట్టు అనిపిస్తే పని అయినట్టు. గెలాక్సీ, పిక్సెల్ వాచీల్లో వాలెట్ తెరిచి ఆనించాలి. ఏ మీటకు ఏ యాప్ అన్నది సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. గార్మిన్‌లో నాలుగంకెల కోడ్ ఒకసారి కొడితే, చేతికి ఉన్నంతవరకు 24 గంటలు మళ్లీ అడగదు. ఫోను ఇంట్లో వదిలి వచ్చినా ఇవన్నీ పనిచేస్తాయి.

వాచీ నిజంగా అక్కరకొచ్చేది జనవరి చలిలో. చేతులకు గ్లవ్స్, ముక్కు దాకా మఫ్లర్. ఫోను వేలినీ గుర్తు పట్టదు, ముఖాన్నీ గుర్తు పట్టదు. వాచీకి ఆ రెండూ అక్కర్లేదు, కోటు చెయ్యి కాస్త పైకి లాగితే చాలు. ఒక చేతిలో పిల్ల, ఒక చేతిలో సంచి ఉన్న తల్లులు కూడా వాచీనే వాడటం చూస్తుంటాను. మిగతా రోజుల్లో ఫోనుకూ వాచీకీ పెద్ద తేడా లేదు. చెల్లింపుల కోసమే అంత డబ్బు పోసి వాచీ కొనమని నేనెవరికీ చెప్పను.

వస్తువు వెనక్కి ఇవ్వాలంటే

రసీదు మీద కార్డు చివరి నాలుగంకెలు ఉంటాయి. ఫోనుతో కట్టినప్పుడు అవి మీ ప్లాస్టిక్ మీది అంకెలతో సరిపోవు. ఇది నా కార్డు కాదు, వేరేవాళ్ల బిల్లు ఇచ్చారు అని గొడవకు వచ్చినవాళ్లు ఉన్నారు. అవి ఫోను టోకెన్ అంకెలు. ఐఫోనులో వాలెట్ తెరిచి, కార్డు నొక్కి, వివరాల్లోకి వెళ్తే ఆ నాలుగంకెలు కనిపిస్తాయి. గూగుల్ వాలెట్‌లో కార్డు వివరాల్లో వర్చువల్ ఖాతా నంబరుగా ఉంటుంది.

వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు ఏ పరికరంతో కట్టారో దాన్నే మళ్లీ ఆనించమని అడుగుతారు. ఫోనుతో కొని ప్లాస్టిక్ తెస్తే నంబర్లు కలవవు. వాచీతో కొని ఫోను తెచ్చినా అంతే. పెద్ద వస్తువులు కొన్నప్పుడు రసీదు వెనక ఫోను అనో వాచీ అనో ఒక మాట రాసుకోండి. డబ్బు వెనక్కి రావడం కూడా యూపీఐలోలా కళ్ల ముందు జరగదు, ఖాతాలో పడేసరికి కొన్ని రోజులు పట్టవచ్చు.

బస్సు, ట్యూబ్ రైలు

లండన్ బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోరు. 2012 డిసెంబర్‌లో బస్సుల్లో, 2014 సెప్టెంబర్‌లో ట్యూబ్‌లో (ఇక్కడి భూగర్భ రైలు) ట్యాప్ కార్డులు మొదలయ్యాయి. ఫోను, వాచీ కూడా అక్కడ పనిచేస్తాయి. బస్సు ఎక్కేటప్పుడు ఒకసారి ఆనిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. ట్యూబ్‌లో ఎక్కేచోటా దిగేచోటా రెండుచోట్లా ఆనించాలి. మొదటి బస్సులో ఆనించినప్పటి నుంచి గంటలోపు ఎక్కిన మిగతా బస్సులకు డబ్బు పడదు. రోజంతా ఎంత తిరిగినా ఒక గరిష్ఠ మొత్తం దాటి వసూలు చేయరు.

ఈ సౌకర్యాలన్నీ ఒకే కార్డుతో తిరిగితేనే. ఇక్కడే మూడు కార్డుల లెక్క జేబుకు తగులుతుంది. పొద్దున వాచీతో లోపలికి వెళ్లి, దిగేటప్పుడు ఫోను ఆనిస్తే, వాచీ ఎక్కడ దిగిందో తెలియని ప్రయాణం ఒకటి, ఫోను ఎక్కడ ఎక్కిందో తెలియని ప్రయాణం ఒకటి అని లెక్క పడుతుంది. రెండిటికీ గరిష్ఠ ఛార్జీ వేస్తారు. బ్యాంకు ఖాతా ఒకటే కదా అని వాదించి లాభం లేదు. రోజు మొదలుపెట్టిన పరికరంతోనే రోజు ముగించండి. బ్యాటరీ అయిపోయి దిగేచోట ఆనించలేకపోయినా ఇదే గతి. కనుక సాయంత్రానికి ఫోను చచ్చిపోయే అలవాటున్నవాళ్లు రైలుకు ప్లాస్టిక్ వాడటమే మంచిది.

ఐఫోనులో ఎక్స్‌ప్రెస్ ట్రావెల్ కార్డ్ అని ఒక అమరిక ఉంది. దానిలో ఏ కార్డు పెడితే అది గేటు దగ్గర ముఖం అడగకుండా, మీట నొక్కకుండా పనిచేస్తుంది. కార్డు జోడించినప్పుడు అది తానంతట తానే ఆన్ అయి ఉండవచ్చు, ఏ కార్డు ఎంచిందో సెట్టింగ్స్‌లో ఒకసారి చూడండి. వాచీ ఎడమ చేతికి పెట్టుకునేవాళ్లకు ఇంకో మాట: ట్యూబ్ గేట్లలో ఆనించే పసుపు పలక కుడివైపు ఉంటుంది. ఎడమ చెయ్యి ఒంటికి అడ్డంగా చాచి, నడుము తిప్పి, వెనకవాళ్లకు దారి మూసి ఆనించాలి. అలవాటైనవాళ్లు బాగానే చేస్తారు, కొత్తవాళ్లు వంకరపోతారు.

మొదటిసారి ఆనించిన రోజు బ్యాంకు యాప్‌లో 10 పెన్సు మాత్రమే కనిపించి, ఇంత చవకా అనిపించవచ్చు. అది కార్డు సరైనదేనా అని చూసుకోవడానికి. ఆ రోజు ప్రయాణాలన్నీ కలిపి అసలు మొత్తం రాత్రి దాటాక పడుతుంది.

విద్యార్థులకు ఒక్క హెచ్చరిక. ఫోనుతో తిరిగితే పడేది పెద్దవాళ్ల పూర్తి ఛార్జీ. 18 ఏళ్లు దాటిన విద్యార్థులకు ఇచ్చే ఆయిస్టర్ (లండన్ బస్సులు, రైళ్లలో వాడే ప్రయాణ కార్డు) ఫోటో కార్డు ఉంటే వారం, నెల పాసుల మీద 30 శాతం తగ్గింపు వస్తుంది. రోజూ కాలేజీకి వెళ్లేవాళ్లు ఫోను సుఖాన్ని పక్కన పెట్టి ముందు ఆ లెక్క వేసుకోండి.

ఫోను పోతే

ఈ ఊళ్లో సైకిళ్ల మీద వచ్చి చేతిలోని ఫోను లాక్కుపోతారు. లాక్కున్నవాడికి మీ ముఖం, వేలు, పాస్‌కోడ్ లేకుండా దుకాణంలో కట్టడం కుదరదు. భయమల్లా పాస్‌కోడ్ ముందే చూసి ఉంటేనే. వరుసలో నిలబడి ఫోను పాస్‌కోడ్‌ను అందరికీ కనిపించేలా కొట్టేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు. చెయ్యి అడ్డం పెట్టుకోండి. ఐఫోనులో దొంగిలించిన పరికరానికి రక్షణ కల్పించే అమరిక 2024 జనవరిలో వచ్చింది. సెట్టింగ్స్‌లో ఫేస్ ఐడీ విభాగంలో ఉంటుంది, ఆన్ చేసుకోండి. ఆండ్రాయిడ్‌లోనూ ఫోను లాక్కుని పరిగెత్తినట్టు అనిపిస్తే తానే తాళం వేసుకునే అమరిక ఉంది.

పోయిన వెంటనే ఎవరి ఫోనైనా అడిగి, ఐఫోన్ అయితే ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో మీ ఫోనును పోయినట్టు గుర్తించండి. దానిలోని కార్డులు నిలిచిపోతాయి, ఆ ఫోను అప్పటికి నెట్‌లో లేకపోయినా సరే. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ వెబ్‌సైట్‌లో ఫోను వెతికే పేజీ నుంచి తాళం వేయండి. తర్వాత బ్యాంకుకు చెప్పండి. బ్యాంకు నంబరు గుర్తు లేకపోతే 159 కొట్టండి, ఇక్కడి ప్రధాన బ్యాంకుల్లో చాలావాటికి అది కలుపుతుంది. బ్యాంకువాళ్లతో మాట్లాడేటప్పుడు ఫోనులోని టోకెన్ మాత్రమే రద్దు చేయమని స్పష్టంగా అడగండి. ప్లాస్టిక్‌ను కూడా రద్దు చేస్తే కొత్తది పోస్టులో వచ్చేదాకా చేతిలో ఏమీ ఉండదు. ప్లాస్టిక్ నంబరు ఫోనుతో పాటు పోలేదు కనుక దాన్ని చంపనక్కర్లేదు. ఫోను, పర్సు ఒకే సంచిలో పెట్టుకోవద్దని నేను చెప్పేది ఇందుకే.

అమ్మానాన్నలు వస్తే

నేను ఇది రాసే నాటికి ఇండియా బ్యాంకుల కార్డులు ఆపిల్ పేలో ఎక్కవు. నాన్నగారి చేతిలో ఎంత కొత్త ఐఫోన్ ఉన్నా హైదరాబాద్ కార్డుతో మా కౌంటర్ దగ్గర ఫోను ఆనించలేరు. ప్లాస్టిక్ ఆనించవచ్చు, కానీ విమానం ఎక్కకముందే ఒక పని చేయాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల వల్ల 2020 మార్చి 16 తర్వాత ఇచ్చిన కార్డులు మొదట్లో ఇండియాలోని ఏటీఎంలలో, దుకాణాల మెషీన్లలో మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకం, ట్యాప్ చేయడం రెండూ ఖాతాదారే తెరుచుకోవాలి. బ్యాంకు యాప్‌లో రెండూ ఆన్ చేసి, పరిమితి కూడా పెట్టుకోమని చెప్పండి. ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ పనిచేస్తూ ఉండాలి.

మీ ప్లాస్టిక్ వాళ్ల చేతికిచ్చి, మీరు ఫోనుతో తిరగాలని అనిపిస్తుంది. రెండూ వేరు కార్డులు కాబట్టి గేట్లు తెరుచుకుంటాయి. కానీ మీ కార్డు ఇంకొకరు వాడటం బ్యాంకు ఒప్పుకోదు. వాళ్లిద్దరికీ చెరొక ఆయిస్టర్ కార్డు కొని డబ్బు వేసి ఇవ్వండి.

దుకాణంలో ఇండియా కార్డు ఆనిస్తే కొన్ని మెషీన్లు పౌండ్లలోనా రూపాయల్లోనా అని అడుగుతాయి. రూపాయల అంకె తెలిసినదిగా కనిపించి చాలామంది దాన్నే నొక్కుతారు. అలా నొక్కితే మారకపు రేటు నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, ఆ మెషీన్ నడిపే సంస్థ. అది దాదాపు ఎప్పుడూ మీకు నష్టంగానే ఉంటుంది. పౌండ్లు నొక్కించండి. రూపాయల్లో అయిపోయిందని వెంటనే గమనిస్తే కౌంటర్ వదలకముందే చెప్పండి. ఆ లావాదేవీ రద్దు చేసి మళ్లీ పౌండ్లలో వేయడానికి మాకు రెండు నిమిషాలు చాలు. మీరు ఇంటికెళ్లి రసీదు చదివి మరునాడు వస్తే మాత్రం రద్దు కుదరదు, రీఫండ్ చేయాలి. అందులో రేటు మళ్లీ మారుతుంది.